రాళ్ళకు చెమటలు పట్టించినవాడు

బహియా ఊళ్ళో మేనాలు మోసేవాళ్ళు ఎన్ని వందలమంది ఉన్నా, బిషప్పుగారిని మోసి దారిలో రాళ్ళకు చెమటలు పట్టించినవాడు మాత్రం ఒక్కడే. వాడి పేరు క్రిస్పిం. ఈ సంగతి ఊరందరికీ చెప్పింది క్రిస్పిమే కాబట్టి ఇందులో అనుమానించవలసిందేమీ లేదు.

"రేవు దగ్గర ఎక్కాడు బిషప్పు," అని మొదలుపెట్టేవాడు. "ఎక్కగానే మోతకర్ర విల్లులా వంగిపోయింది. రేవు నుంచి ఊళ్ళోకెక్కే ఆ బద్ధకపు వాలు వీధి సగం ఎక్కామో లేదో అరికాళ్ళకు చల్లగా తగిలింది. ఏమిటా అని కిందికి చూస్తే రాళ్ళకు చెమట. బొటబొటా కారుతోంది. ముందు మోసేవాడు జారబోతుంటే నేనే అన్నా, ఒరే, ఆ రాళ్ళ నుదురు కాస్త తుడుచుకుంటూ నడవరా, పాపం అవీ మనలాంటివే అని."

"అది వాన," అనేది అతని పెళ్ళాం ఎఫిజేనియా, జావకుండ మూత తీస్తూ. "ఆవేళ తెల్లారగట్ల జల్లు పడింది. నేనక్కడే ఉన్నా."

"నువ్వు చూసింది పైన పడిన వాన జేనా. కింద ఉన్నది చెమట. రెండూ కలిశాయి."

"అన్నా, మీరైనా చెప్పండి ఈయనకి," అని ఆమె పెద్దాయన జెర్వాజియోకు ఫిర్యాదు చేసేది.

"నన్నెందుకు లాగుతావమ్మా? జావ పొయ్యి," అనేవాడాయన.

జెర్వాజియో ఆ మూలకు పెద్ద. బహియాలో, సముద్రం అవతలి నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళలో, ఒక్కో జాతివాళ్ళకు ఒక్కో వీధిమూల ఉండేది. మఠం గోడ పక్క మూల నాగో జాతివాళ్ళది. పొద్దుపొడిచేసరికి ఎనిమిదిమంది వచ్చి గోడవార కూర్చుని, గిరాకీ వచ్చేదాకా గడ్డిటోపీలు అల్లుకునేవారు. ఎవరికి ఏ మోత అనేది జెర్వాజియో చెప్పేవాడు. ఎనిమిదిమందిలో ఐదుగురు బానిసలు, ముగ్గురు విడుదలైనవాళ్ళు. ఒకే కర్రకు చెరోవైపు భుజం పెట్టాక ఎవరు ఏమిటో మేనాలో కూర్చున్నవాడికి తెలిసేది కాదు, తెలుసుకోవాలనీ ఉండేది కాదు.

క్రిస్పిం తన వెల తానే కట్టుకుని విడుదలై రెండేళ్ళు. అంతకుముందు అంబ్రోసియో దొర బానిస. ఎఫిజేనియా ఇంకా డోనా పుల్కేరియా అనే వితంతువు సొత్తే. తెల్లారి మొక్కజొన్న జావ, సాయంత్రం అలసంద వడలు అమ్మి ఆ ముసలమ్మ చేతిలో పోసేది. ముందు మగవాడు విడుదల కావాలి, ఎందుకంటే మోత పనిలో త్వరగా కూడబెట్టవచ్చు, ఆ తర్వాత ఆమె వంతు. ఇద్దరూ అలా అనుకున్నారు. అనుకున్నదాంట్లో సగం జరిగింది.

విడుదల కాగితం ఆమె దగ్గరే ఉండేది. మిగిలిన విడుదలైనవాళ్ళు దాన్ని మెళ్ళో కట్టుకు తిరిగేవారు. మేనా మోసేవాడి ఒంటిమీద కాగితం పెట్టడమంటే జావలో పెట్టినట్టే. అందుకని రేకుడబ్బాలో పెట్టి, ఆమె గంప అడుగున, గిన్నెల కింద దాచారు. క్రిస్పిం దీని గురించి కూడా చెప్పేవాడు: ఒకసారి కుంభవృష్టిలో టోపీ కింద పెట్టుకుని పోతే టోపీ తడిసిందట, తల తడిసిందట, మధ్యలో కాగితం మాత్రం పొడిపొడిగా ఉందట.

"నీకు చదవడం రాదు కదా, తడిసిందో లేదో నీకెలా తెలిసింది?" అని అడిగేది ఆమె.

"తడిస్తే బానిసనైపోయి ఉండేవాణ్ణి కదే. కాలేదు."

జనవరి ఆఖరి ఆదివారం. ఆ తెల్లవారుజామున తెల్లంగీలు తొడుక్కున్న మలే జనం, అంటే నాగోలలో అల్లాను కొలిచేవాళ్ళు, కత్తులు పట్టుకుని తిరగబడ్డారు. సైనికుల బసల మీద పడి పోరాడారు. వెలుతురు వచ్చేసరికి అంతా అయిపోయింది. కొందరు వీధుల్లో పడిపోయారు, కొందరు సముద్రంలో దూకారు.

మఠం గోడ మూలలో ఎనిమిదిమందీ యథాప్రకారం వచ్చి కూర్చున్నారు. ఆదివారం, బొంఫిం గుడి తిరునాళ్ళు, మోత బాగా ఉంటుంది. క్రిస్పిం మలే కాదు. కషాసా, ఆ చెరకు సారా చుక్క ముట్టనిదే అతనికి ఆదివారమే కాదు. కానీ సైనికులు అంగీలు చూసినంతసేపు చూశాక, చెంపలు చూడటం మొదలుపెట్టారు. నాగో జాతి గుర్తుగా కోసిన గాట్లు చెంపన కనబడితే చాలు, చెరసాలే.

ఎఫిజేనియా కుండతో వచ్చేసరికి గోడవార ఎవరూ లేరు. సగం అల్లిన టోపీలు ఎనిమిది పడి ఉన్నాయి. క్రిస్పిం భుజంమీద వేసుకునే గుడ్డచుట్ట మట్టిలో దొర్లింది. ఆమె దాన్ని దులిపి నడుముకు కట్టుకుంది. జావ ఎవరికి పోయాలో తెలియక కాసేపు అక్కడే నిలబడింది.

తర్వాత వారం రోజులు బహియా దొరలు తమకూ కాళ్ళున్నాయని కనుక్కున్నారు. మేనాలు మోసేవాళ్ళు లేరు, నీళ్ళు తెచ్చేవాళ్ళు లేరు. ప్రతి ఇంటి పాయిఖానా పీపా నెత్తిన పెట్టుకుపోయి సముద్రంలో పారబోసేవాళ్ళూ చెరసాలలోనే ఉన్నారు. ఊరు ఎలాంటి కంపు కొట్టిందంటే, రేవులో లంగరు వేసిన ఓడలు గాలి వాటం చూసుకుని అవతలి ఒడ్డుకు జరిగాయట. ఈ మాట క్రిస్పిం చెప్పింది కాదు, కాని వింటే తనదే అనేవాడు.

చెరసాల వాకిట్లో బల్ల వేసుకుని గుమాస్తా వెనాన్సియో కూర్చునేవాడు. చామనచాయ మనిషి, పలచటి గడ్డం. ఎఫిజేనియా జావకు పాత ఖాతాదారు.

"పేరు, జాతి, బానిసా విడుదలైనవాడా, ఎవరి బానిస, ఏం పని, ఎక్కడుంటాడు. ఒక్కొక్కడికి ఇవన్నీ రాయాలి," అన్నాడు వేళ్ళు విరుచుకుంటూ. "ఊరంతా నా పుస్తకంలోనే ఉందమ్మా. దర్జీ, మంగలి, తాపీవాడు, వంటవాడు, ఇంగ్లీషు వర్తకుడి ఇంట్లో గిన్నెలు తోమేవాడు. ఊరు తగలబెట్టడానికి వచ్చినవాళ్ళంటే ఎలా ఉంటారో అనుకున్నా. నిన్నటిదాకా నాకు గడ్డం గీసినవాడే ఉన్నాడు అందులో."

"మా ఆయన్ని ఎలా రాశారు బాబూ?"

వెనాన్సియో పేజీలు తిప్పాడు. "క్రిస్పిం. నాగో. అంబ్రోసియోగారి బానిస. మేనా మోస్తాడు. బిషప్పును కూడా మోశానని చెప్పాడు. అది రాయలేదు."

"బానిస కాదు బాబూ."

"కాగితం లేదుగా ఒంటిమీద. పట్టుకొచ్చిన జమాదారు బానిసన్నాడు, రాసేశా."

ఉన్న ఒక్క కాగితం చెయ్యి దాటించడానికి భయపడి ఆ రోజుకు ఆమె ఊరుకుంది. కానీ మర్నాడు మైదానం మీదుగా వెళ్తుంటే ఒక దర్జీని గుంజకు కట్టి కొడుతున్నారు. రోజుకు యాభై చొప్పున, ఐదువందలు అయ్యేదాకా. వీపు మానడానికి మధ్యలో వైద్యుడు చూసి, మానిందంటే మళ్ళీ కడతారట. పక్కనున్న ఆడమనిషిని అడిగితే చెప్పింది: "బానిస కదమ్మా, అందుకని కొరడా. విడుదలైనవాడి వీపు చట్టం ముట్టుకోదు."

ఎఫిజేనియా గంప అక్కడే దింపింది. గిన్నెలన్నీ తీసి నేలమీద పెట్టి, అడుగునున్న రేకుడబ్బా పట్టుకుని చెరసాలకు పరుగెత్తింది. వెనాన్సియో కాగితం విప్పి, పైనుంచి కిందిదాకా చదివి, సంతకం చూసి, "బాగానే ఉంది" అని, పుస్తకంలో బానిస అన్న మాటను అడ్డంగా కొట్టి పైన విడుదలైనవాడు అని రాశాడు. ఆమెకు చదవడం రాదు. అడ్డగీత మాత్రం చూసింది. అంత అందమైన గీత పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"చూడండి బాబూ, ఇంక కొరడా..."

"ముట్టుకోదు."

మర్నాడు తెల్లారి వెనాన్సియోకు గిన్నె నిండా జావ, పైన కొబ్బరి, ఊరికే పోసింది.

కాగితం ఇచ్చిన నాలుగోనాడు జెర్వాజియో బయటికొచ్చాడు. యజమాని గుమాస్తా వెంట, చేతులకు తాడుతో, మూల దగ్గరికి వచ్చి ఆగాడు. మనిషి సగమయ్యాడు.

"అన్నా, వదిలేశారా?"

"వదలడమేంటమ్మా. ఎవడి సొత్తు వాడికి అని అప్పజెప్పారు. సాక్ష్యం లేని బానిసల్నందర్నీ ఎవరి దొరకు వాళ్ళని ఇచ్చేస్తున్నారు. మీ క్రిస్పిం కూడా రేపో ఎల్లుండో వచ్చేస్తాడు. అంబ్రోసియో దొర నిన్న వచ్చి, వీడు నా పాతవాడే, నేనే తీసుకుపోతానని చేవ్రాలు కూడా పెట్టాడంట."

ఆమె గరిటె కుండలో వదిలేసింది.

"ఏమ్మా?"

"కాగితం ఇచ్చేశానన్నా."

"ఏ కాగితం?"

ఆమె చెప్పనక్కర్లేకపోయింది. జెర్వాజియో గోడకు చేయి ఆనించి, నెమ్మదిగా అన్నాడు: "విడుదలైనవాళ్ళను వదలడం లేదు తల్లీ. సాక్ష్యం ఉన్నా లేకపోయినా. వాళ్ళకు దొర లేడు, అడిగేవాడు లేడు. ఓడెక్కించి సముద్రం అవతల పడేస్తారంట, మనల్ని తెచ్చిన ఒడ్డునే."

ఆమె వెనాన్సియో దగ్గరికి వెళ్ళింది. ఆయన తలెత్తలేదు. "నాకు తెలియదు ఎఫిజేనియా. ఒట్టు. ఆ ఉత్తరువు తర్వాత వచ్చింది."

"మళ్ళీ గీత కొట్టండి బాబూ. ఆ కాగితం అబద్ధం. నేనే ఎవరిచేతో రాయించా."

"నోటరీ పుస్తకంలో నకలుంది. నేనే సరిచూశా." ఆయన కలం కింద పెట్టాడు. "ఒక్కటే దారి. గురువారం న్యాయాధికారి ఒక్కొక్కణ్ణీ పిలిచి అడుగుతాడు. వాడే స్వయంగా నేను బానిసనే అని, దొర కూడా అవునంటే, ఎవరూ నోటరీ దాకా పోరు. వాళ్ళకీ ఓపిక లేదు."

అలా ఎఫిజేనియా అంబ్రోసియో దొర ఇంటికి, తన మగవాణ్ణి మళ్ళీ బానిసను చేయమని అడగడానికి వెళ్ళింది. ఈ ఊళ్ళో బానిసలు దొరల కాళ్ళు పట్టుకుని ఎన్నో అడిగారు, ఇది మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

అంబ్రోసియో దొర వరండాలో పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. విన్నాడు. "పాపం," అన్నాడు. "మంచి మోతగాడు. నోరే ఎక్కువ." పుల్ల పారేసి, "వస్తాను గురువారం. వాడు నా బానిసనని చెబితే నేనూ అవునంటాను. నాకు పోయేదేముంది?" అన్నాడు. ఆయనకు పోయేదేమీ లేని మాట నిజమే.

ఆమె చెరసాల కటకటాల దగ్గర అంతా చెప్పింది. తొందరలో ముందుది వెనక, వెనకది ముందు చెప్పింది. కాగితం సంగతి మాత్రం ఆగి ఆగి చెప్పింది. క్రిస్పిం గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. విని తల గోక్కున్నాడు.

"అంటే ఆ కాగితం తడిసిపోయి ఉంటే బాగుండేదంటావు."

"నవ్వకయ్యా."

"నవ్వడం లేదే." కటకటాలు పట్టుకుని ముందుకు వంగాడు. "అంబ్రోసియో దొర ఉంచుకుంటాడా నన్ను? చెరసాల చూసొచ్చిన నాగోవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నిద్రపోతాడా ఆయన?"

"ఉంచుకుంటాడు. పోయేదేముంది అన్నాడు."

"అదే కదా నా భయం."

"నువ్వు ఎవరి బానిసవైతే నాకేంటి? కొట్టనీ, తిట్టనీ. ఈ ఊళ్ళో ఉండు. పొద్దున్నే మూలకొచ్చి నా జావ తాగు. ఒక్క అబద్ధం, అంతే. రోజుకు పది ఆడతావు, నాకోసం ఒక్కటి ఆడలేవా?"

క్రిస్పిం కటకటాల్లోంచి చేయి పెట్టి ఆమె తలగుడ్డ సర్దాడు. "అబద్ధమాడటం నాకేమన్నా కష్టమా జేనా."

ఆమె ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళింది.

గురువారం న్యాయాధికారి గది తలుపు తీసే ఉంది, ఎండ వేడికి. ఎఫిజేనియా గంప పక్కన పెట్టుకుని వరండాలో నిలబడింది. అంబ్రోసియో దొర ఉతికిన కోటు వేసుకుని వచ్చాడు. ముందు ఒక తాపీవాడు, ఒక మంగలి అయ్యారు. క్రిస్పింను పిలిచారు.

"పేరు?"

"క్రిస్పిం, అయ్యా."

"జాతి?"

"చెంప మీదే ఉంది. నాగో."

"బానిసవా, విడుదలైనవాడివా?"

క్రిస్పిం అంబ్రోసియో దొర వైపు చూశాడు. దొర తల కొద్దిగా ఊపాడు. క్రిస్పిం గొంతు సవరించుకుని, భుజాలు ఎత్తి, ఒక కనుబొమ పైకి లేపాడు. బిషప్పు కథ మొదలుపెట్టే ముందు ఎప్పుడూ అలాగే చేసేవాడు. అది చూసి ఎఫిజేనియా ఊపిరి వదిలింది. ఇంక ఫరవాలేదు, మొదలెట్టాడు అనుకుంది.

నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"విడుదలైనవాణ్ణి, అయ్యా," అన్నాడు. "ఆ కాగితం నాదే."

"ఏం పని?"

"మేనా మోస్తాను. బిషప్పుగారిని కూడా మోశాను."

గదిలో ఎవరో నవ్వారు. కలం గీరుకున్న చప్పుడైంది. అంబ్రోసియో దొర టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎఫిజేనియా ఆ పూట ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది. తొమ్మిది రోజులు చెరసాల వైపు పోలేదు. రోజూ జావ కాచింది, వడలు వేసింది. నూనెలో పిండి వేస్తూ, "కాగితమే కావలసొచ్చింది. కాపురం చెయ్యి పోయి దాంతో," అని పొయ్యితో అనేది. ఒకనాడు డోనా పుల్కేరియా వినేసి, "ఎవర్నే తిడుతున్నావు?" అంటే, "మాడినవాటిని అమ్మగారూ," అంది.

పదోనాడు దిగువ ఊళ్ళో కొందరు బానిసలను జతలు జతలుగా గొలుసు వేసి పడవ ఎక్కిస్తున్నారు. దక్షిణాన కాఫీ తోటలకు అమ్మినవాళ్ళు. నాగో బానిసను ఇంట్లో పెట్టుకోవడానికి భయపడి, దొరలు చెరసాల నుంచి తెచ్చుకున్నవాళ్ళను తెచ్చుకున్నట్టే అమ్మేస్తున్నారు. మూడో జతలో జెర్వాజియో ఉన్నాడు. ఆమెను చూశాడు. గొలుసు చేయి కొంచెం పైకెత్తి, మూలలో ఎవరికి ఏ మోతో చెప్పేటప్పుడు చూపించే వేలు ఒకటి చెరసాల వైపు చూపించాడు.

ఆమె అప్పటికప్పుడు వెనక్కి తిరిగింది. ఇంట్లో ఉడికిన తెల్లటి మొక్కజొన్న ముద్దలు అరటాకుల్లో చుట్టి, తొమ్మిది రోజులకు తొమ్మిది, గంపలో వేసుకుని చెరసాలకు పోయింది. వాకిట్లో వెనాన్సియో బల్ల ఖాళీగా ఉంది. కాపలావాడు, "ఇప్పుడే రేవుకు నడిపించారు," అన్నాడు.

బద్ధకపు వాలు మీద వాళ్ళను అందుకుంది. వరస నెమ్మదిగా దిగుతోంది. క్రిస్పిం చివరినుంచి రెండోవాడు. ఆమె పక్కన నడవసాగింది. కావలి సైనికుడు చూసి, గంపలోంచి ఒక ముద్ద తీసుకుని, చూడనట్టు ముందుకు నడిచాడు.

"వచ్చావా," అన్నాడు క్రిస్పిం. "వేరేవాణ్ణి చూసుకున్నావనుకున్నా."

"జెర్వాజియోను అమ్మేశారయ్యా."

"తెలుసు," అన్నాడు. అది నిజమో, ఆమె కోసం ఆడిన అబద్ధమో ఆమెకు తెలియలేదు.

"ఆ గదిలో అందుకేనా అలా చెప్పావు? అమ్మేస్తారనేనా?"

"అంత తెలివి నాకెక్కడిదే? నీకు మాటిచ్చినట్టు చెబుదామనే నోరు తెరిచా. తన్నుకున్నా. రాలేదు." రాళ్ళ మీద కాలు జారకుండా చూసుకుంటూ అన్నాడు, "పుట్టి ఇన్నేళ్ళకు ఒక్క అబద్ధం అవసరమైంది జేనా. అదే రాలేదు."

"ఆ కాగితం నేనే తెచ్చా. నా చేత్తో."

"నువ్వు తెచ్చింది నా పేరే కదే. దానికి ఏడుస్తారా?"

ఆమె ఏడవడం లేదని చెప్పబోయి మానుకుంది. నడుముకున్న గుడ్డచుట్ట విప్పి అతని భుజం మీద వేయబోయింది. అతను భుజం పక్కకు తీశాడు.

"నువ్వే ఉంచుకో. అవతల బిషప్పులు లేరు."

రేవు దగ్గర ఆడవాళ్ళను ఆపేశారు. ముద్దలున్న గంప సైనికుడే పడవలోకి అందించాడు. అందులో ఎన్ని లోపలిదాకా చేరాయో తెలియదు. పడవ కదిలాక క్రిస్పిం లేచి నిలబడి చేతులతో ఏదో చూపించాడు. బిషప్పంత లావు పొట్ట, దాని కింద వంగిన కర్ర. పక్కవాళ్ళు లాగి కూర్చోబెట్టారు.

మఠం గోడ మూల కొన్ని నెలలు ఖాళీగానే ఉంది. తర్వాత వేరే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు, వేరే జాతులవాళ్ళు కూర్చోవడం మొదలుపెట్టారు. పాత ఎనిమిదిమందిలో ఒక్కడూ లేడు. ఎఫిజేనియా మాత్రం పొద్దున్నే వచ్చేది. నెత్తిన చుట్టకుదురుగా ఆ గుడ్డచుట్టే, దానిమీద జావకుండ. తన విడుదల మాట ఎత్తేవాళ్ళు ఇంక లేరు. డోనా పుల్కేరియా పోతే ఆమె చెల్లెలి కింద పనిచేసింది.

ఒకనాడు తెల్లవారి జల్లు పడి వెలిసింది. కొత్తగా చేరిన మోతగాడొకడు వాలు ఎక్కి వచ్చి, చెప్పుల్లేని కాళ్ళు గోడకు రుద్దుకుంటూ విసుక్కున్నాడు.

"ఈ వాలు రాళ్ళు ఎప్పుడూ తడే. ఇదివరకు ఎవడో బిషప్పును మోస్తే వీటికి చెమట పట్టిందని కోతలు కోసేవాడంటగా. నిజమేనా అక్కా?"

మిగిలినవాళ్ళు నవ్వారు. ఎఫిజేనియా గరిటెతో జావ కలుపుతోంది. కలపడం ఆపలేదు.

"పట్టింది," అంది. "ఆ రోజు వాన లేదు. నేనక్కడే ఉన్నా."